నాలుగున్నరో నంబరు పెట్టె

మీనాక్షమ్మకు కోపం తెప్పించడం తమిళనాడులోని ధర్మపురిలో ఎవరికీ కష్టం కాదు. తిరిగి ఇచ్చిన పుస్తకంలో ఒక పేజీ మూల మడిచి ఉంటే చాలు. కానీ 1974లో ఆమె కోపానికి ఒక స్థిరమైన చిరునామా దొరికింది. అది మద్రాసులో ఉండే కంప్యూటర్. ఆమె దాన్ని ఎన్నడూ కళ్లతో చూడలేదు.

ఆమె పుట్టింది దగ్గర్లోని నల్లంపల్లిలో, రైతుల ఇంట్లో. ఇంట్లో మాట తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం ఆమెకు రావు. చిన్నప్పుడు ఊళ్లో బడిపుస్తకాలూ పంచాంగమూ తప్ప చదవడానికి ఏమీ దొరకలేదన్న కడుపుమంట ఆమెకు పెద్దయినా చల్లారలేదు. అందుకే ధర్మపురి పఠన సంఘం లైబ్రరీలో లైబ్రేరియన్‌గా చేరి కాస్త నిలదొక్కుకోగానే పన్నెండు ఊళ్లకు పన్నెండు ఆకుపచ్చ పెట్టెలు పంపడం మొదలుపెట్టింది. పెట్టెకు నలభై పుస్తకాలు. నెలకొకసారి పెట్టెలన్నీ ధర్మపురికి రావాలి, లెక్క చూసుకుని మళ్లీ బయల్దేరాలి. అది సంఘం నియమం.

నియమం బాగానే ఉంది, పని మాత్రం గందరగోళం. అటెండరు మునియప్ప ఏ బస్సు ముందొస్తే దాని పైకి, చేతికి అందిన పెట్టెను ఎక్కించేవాడు. మీనాక్షమ్మ రిజిస్టరు పట్టుకుని ఒక ఊరికి సరిచేస్తే ఇంకో ఊరికి పాత పెట్టే పోయేది. బి. మల్లాపురం నుంచి పుట్టమ్మ అనే రైతు కోడలు కార్డు మీద కార్డు రాసేది. ఆమె మధ్యాహ్నాలు పక్కిళ్ల ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని నవలలు చదివి వినిపించేది. "ఏడో నంబరు పెట్టె మూడోసారి వచ్చింది. అందులోని నవల మొదటి భాగం మాకు కంఠతా వచ్చేసింది. రెండో భాగం ఎనిమిదో పెట్టెలో ఉందని మీరే రాశారు. అది ఈ జన్మలో వస్తుందా?" అని తమిళంలో ముద్దుగా తిట్టేది.

ఆ జూన్‌లో సంఘం కార్యదర్శి వెంకటరామన్ తేల్చి చెప్పేశాడు. "ఊళ్లోవాళ్లు పెట్టెలు తెరవకుండానే వాపసు పంపుతుండారు. ఏ ఊరికీ ఒకే పెట్టె రెండుసార్లు పోకుండా ఏడాదికి సరిపడా పట్టిక మార్చిలోపల ఇయ్యండి. లేదంటే ఏప్రిల్ నుంచి పెట్టెలు నిలిపేస్తాము."

ఆమె తల పట్టుకుని కూర్చుంటే మునియప్ప మధ్యలో దూరాడు. "ప్రతి నెలా అన్నీ ఇక్కడికి తెచ్చేదెందుకమ్మా? ఒక ఊరోళ్లు పక్కూరికి ఇచ్చేస్తే పోయె."

"నీకు తెలియని విషయాల్లో తలదూర్చొద్దు మునియప్పా! పోయి బీరువాలు తుడువు," అంది మీనాక్షమ్మ.

సరిగ్గా అప్పుడే ఎవరో ఇచ్చిన పాత పుస్తకాల కట్టలో ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఫోర్ట్రాన్ అనే భాషలో కంప్యూటర్‌కు పని చెప్పడం ఎలాగో నేర్పే పుస్తకమది. లోపల ఏముందో తెలియకుండా ఏ పుస్తకానికీ నంబరు వేసే అలవాటు ఆమెకు లేదు. నంబరు వేద్దామని తెరిచింది. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి, ఈ యంత్రమైతే నా పట్టికను నిమిషంలో తేల్చేస్తుంది గదా అనిపించింది. ఆ పాడు ఆలోచన ఆమెను ఎనిమిది నెలలు తిన్నది.

ఇదే లైబ్రరీలో చదువుకుని పైకొచ్చిన సుబ్బరాయన్ మద్రాసులో ఒక సంస్థలో కంప్యూటర్ చదివే కార్డులకు చిల్లులు కొట్టే ఉద్యోగం చేస్తున్నాడు. యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు ఆమె పని పెడతానని రాశాడు. ఆమె పాత రిజిస్టర్ల వెనక స్కేలుతో ఎనభై గడులు గీసి, గడికొక అక్షరం చొప్పున నూటనలభై వరసలు రాసింది. ఏ ఊరికి ఏ కథలు ఇష్టం, సంతరోజున ఏ బస్సు పెట్టెలు ఎక్కించుకోదు, ఎవరు ఏం చదివేశారు, అన్నీ అందులో కుక్కింది. కాగితాలు పోస్టులో పోయి, జవాబు రావడానికి మూడు వారాలు.

వచ్చింది. అరవై ఒక్క తప్పులు. వాక్యం ఏడో గడిలో మొదలవ్వాలట. ఆమె ఆరో గడిలో మొదలుపెట్టిందట.

"ఒక్క గడికి ఇంత రాద్ధాంతమా! మనిషైతే అర్థం చేసుకోడా?" అని ఆమె ఖాళీ లైబ్రరీలో గట్టిగా అరిచింది. దిద్ది పంపింది. మూడు వారాలకు ఇరవై తప్పులు. మళ్లీ దిద్దింది. ఒక కామా పోయిందని మూడు వారాలు, ఒక బ్రాకెట్ మూయలేదని ఇంకో మూడు వారాలు. దీపావళి పోయింది, కార్తీకం పోయింది. తల ప్రాణం తోకకొచ్చింది.

డిసెంబరులో ఎట్టకేలకు తప్పులేవీ లేకుండా జవాబొచ్చింది. ఆమె ఆత్రంగా విప్పింది. పాలకోడు అనే ఊరికి పంపవలసిన పెట్టె నంబరు 4.50 అని ఉంది.

మునియప్ప కాగితాన్ని తొంగి చూశాడు. "సగం పెట్టె ఎట్ల మోసేదమ్మా? పుస్తకాలు కోసెయ్యల్లనా?"

జనవరిలో సుబ్బరాయన్ పనిమీద ఊరికి వస్తే కాగితం అతని ముందు పారేసింది.

అతను చూసి నవ్వాడు. "అక్కా, ఐ నుంచి ఎన్ దాకా ఉండే అక్షరాలతో మొదలైన పేరునే అది పూర్తి అంకె అనుకుంటుంది. మీరు పెట్టెకు తమిళంలో పెట్టి అనే పేరు పెట్టినారు. అది పీతో మొదలైంది, అందుకే సగాలు పావులు వచ్చినాయి."

"పెట్టెను పెట్టి అనక ఇంకేమనల్లరా?"

"అట్ల కాదక్కా. వరసలు తగ్గించండి. ఎన్ని వరసలుంటే అన్ని తప్పులు."

ఆ మాట ఆమెకు ఎక్కింది. తప్పు చేసే చోటే లేకుండా చేస్తానని పంతం పట్టింది. కథల ఇష్టాయిష్టాలు కొట్టేసింది. సంత బస్సు కొట్టేసింది. నూటనలభై వరసలు అరవై అయ్యాయి, ఇరవై అయ్యాయి. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం తొమ్మిదే మిగిలాయి. రాసినది తెలుగులో పైకి చెప్పుకుని చూసుకోవడం అప్పటికామెకు అలవాటైంది. "ఊళ్లకు దారి వరసలో పెట్టెలు ఇయ్యి. ప్రతి నెలా ఊళ్లో ఉన్న పెట్టె నంబరుకు ఒకటి కలుపు. పన్నెండు దాటితే మళ్లీ ఒకటికి రా. పన్నెండు నెలలు ఇట్లే చెయ్యి."

బీరువా తుడుస్తున్న మునియప్ప తల తిప్పాడు. "అంటే పక్కూరి పెట్టె ఈ ఊరికి రావల్ల, అంతే గదమ్మా? ఇది నేను అప్పుడే చెప్పినాను గదా."

మీనాక్షమ్మ ముఖం ఎర్రబడింది. యంత్రం మీద కోపం, మునియప్ప మీద కోపం, వాటన్నిటినీ మించి తన మీద తనకు ఒళ్లుమండే కోపం. జూన్‌లో నోరు మూసుకుని ఈ మనిషి మాట విని ఉంటే పుట్టమ్మకు రెండో భాగం ఈపాటికి అంది ఉండేది. "చెప్పినావు మునియప్పా. నేనే చెవిన పెట్టలేదు," అంది చివరికి. ఆ మాట అనడం ఆమెకు ఫోర్ట్రాన్ కంటే కష్టమైంది.

పట్టికను ఒక్క కాగితంమీద చేత్తో రాసి వెంకటరామన్‌కు ఇచ్చింది. ఆయన పైకీ కిందికీ చూశాడు. "ఇంత సులభమైతే ఇన్ని నెలలు ఏం చేస్తాంటిరి? పెట్టెలు ఇక్కడికి రాకుంటే లెక్క ఎట్ల? దీనికి ఆధారమేమి?"

ఆమె పళ్లు కొరుక్కుంటూ తొమ్మిది వరసలూ మద్రాసుకు పంపింది. మార్చి ఇరవై నాలుగున వెడల్పాటి కాగితం వచ్చింది. రెండు పక్కలా చిల్లులు, మధ్యలో పన్నెండు ఊళ్లు, పన్నెండు నెలలు, ఒక్క తప్పూ లేదు. ఆమె చేత్తో రాసిన దానికీ దీనికీ ఒక్క అంకె తేడా లేదు. వెంకటరామన్ కళ్లద్దాలు పెట్టుకుని ఆ చిల్లులను భక్తిగా తడిమాడు. "కంప్యూటరే చెప్పినాక మనమేమి చెప్పేది?" అని సంతకం పెట్టేశాడు. ఆ కాగితాన్ని అక్కడికక్కడే చింపెయ్యాలనిపించింది మీనాక్షమ్మకు. పెట్టెల కోసం ఊరుకుంది.

ఏప్రిల్‌లో పెట్టెలు ఊరి నుంచి పక్క ఊరికి కదిలాయి. ఆ నెల చివర్లో బి. మల్లాపురం నుంచి కార్డు వచ్చింది. "ఎనిమిదో పెట్టె అందింది. రెండో భాగం అందరం కూర్చుని రెండు రోజుల్లో చదివేశాం. ముగింపు ఏమీ బాగలేదు. దీనికా మేము రెండేళ్లు కాచుకున్నది?"

"బాగలేదంట!" అని మీనాక్షమ్మ కార్డును మునియప్ప ముందు ఆడించింది. "ఎనిమిది నెలలు ఆ యంత్రంతో తన్నుకులాడి పంపితే, ముగింపు బాగలేదంట!"

తిట్టుకుంటూనే ఒక కార్డు తీసుకుంది. "మీరన్నది నిజమే, ముగింపు నాకూ నచ్చలేదు," అని మొదలుపెట్టి, పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఏ ఊరికీ ధైర్యంగా రాయలేకపోయిన మాట రాసింది: "వచ్చే నెల మీకు తొమ్మిదో నంబరు పెట్టె వస్తుంది."