కాలిన తంగేడు

ఆ ఎండాకాలం మా చెలకలో కంది మోళ్లకు నిప్పు పెట్టింది నేనే. గాలి లేదు కదా అనుకున్నాను. పెట్టాక వచ్చింది. మంట గట్టు దాటి, గుట్టవాలున మోకాలెత్తున్న తంగేడు పొదలన్నిటినీ నాకేసింది. వేపమండలతో కొట్టాను, బిందెడు నీళ్లు పోశాను, ఏడ్చాను. చుట్టుపక్కల ఎవరూ లేరు.

మా వాడకు బతుకమ్మ తంగేడు ఆ వాలు నుంచే వస్తుంది. మంచాల ఊరికి వెళ్లే రోడ్డు వైపు నేలంతా ప్లాట్లయి హద్దురాళ్లు లేచాయి. ఇబ్రహీంపట్నంలో బంతి, చామంతి కొంటాం గానీ తంగేడు కొనడం మాకు అలవాటు లేదు. అది లేకుండా బతుకమ్మ పేర్చం. పండుగనాడు ఆడవాళ్లంతా ఖాళీ సంచులతో నా ముందు నిలబడతారని భయం పట్టుకుంది. ఎవరైనా గుట్ట కాలిందట అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

అత్తకు మాత్రం చెప్పాను. ఆమె వక్క నములుతూ, "తంగేడు గంత జల్ది సావదు పిల్లా. పైన కాలుతది, వేరు బతికుంటది. వాన పడనియ్యి. నువ్వు మాత్రం దాని జోలికి పోకు" అంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. రోజూ పొద్దున్నే వెళ్లి నల్లటి మొదళ్లను గోటితో గీకి చూసేదాన్ని. లోపలా నలుపే. ఒకరోజు ఉండబట్టలేక గడ్డపారతో తవ్వి, వేరు నరికి చూశాను. తెల్లగా, తడిగా ఉంది. బతికే ఉంది! ఎంత సంతోషమో. గబగబా మట్టి కప్పేశాను. ఇంటికొచ్చాక మళ్లీ ఫికర్: ఒకటి బతికితే అన్నీ బతికినట్టా? మర్నాడు పక్కదాన్ని తవ్వాను. వాన పడేలోపు అలా ఎన్నిటిని చూశానో లెక్కలేదు.

తొలకరి పడ్డాక వాలంతా చిగురేసింది. బతుకమ్మ నాటికి ఎప్పటికన్నా గుబురుగా పూసింది. నడుమ నాలుగు మంచాలు పట్టేంత చోట మాత్రం ఒక్క రెమ్మ లేదు.

పూలు తెంపడానికి వచ్చిన పక్కింటి అక్క అక్కడ ఆగింది. "గీడ మంట మస్తు తగిలినట్టుంది, పాపం."

అత్త నా వైపు చూసింది. నేనే అన్నాను.

"మంట గాదక్కా. మంటకు బతికినయ్. బతికినయో లేదో అని తవ్వి తవ్వి నేనే సంపిన."