రేవులో పదకొండో బిందె

పోయిన వేసవి నుంచి ఇప్పటికి ముప్పై ఒక్క పాత సినిమాలు ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాను. ఒక్కటి కూడా బాగాలేదు. తొందరపడి అంటున్న మాట కాదిది. ఒక్కో సినిమాకు నోటుపుస్తకంలో ఒక్కో పేజీ ఇచ్చాను. చూసిన తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగిసిన వేళ, కథానాయిక ఎన్ని నిమిషాలు ఏడ్చింది, ఎన్ని చెంపదెబ్బలు తింది, అన్నీ రాశాను. మొత్తం చెంపదెబ్బలు ఎనభై ఆరు. తిరిగి కొట్టిన ఆడది ఒక్కతీ లేదు. పైగా కొట్టినవాడి కాళ్లే పట్టుకుని, తప్పు తనదేనని పాట కూడా పాడుతుంది.

ఇవేవీ పేరున్న సినిమాలు కావు. ఎక్కడో వారం ఆడి మూలపడ్డవి. ఇప్పుడెవరో దుమ్ము దులిపి ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. ఒకదాంట్లో గోదావరి ఒడ్డని చెప్పి వెనకాల కొండలు చూపించారు. కోనసీమలో కొండ ఎక్కడుంది? ఇంకోదాంట్లో వరికోతల పాటట, ఆడవాళ్ల చేతుల్లో మాత్రం నారుకట్టలు. డబ్బులిచ్చి టిక్కెట్టు కొన్నవాళ్లు ఎలా ఊరుకున్నారో నాకు తెలియదు.

ఇంత రోత పుడితే ఎందుకు చూడటమంటే, మా అమ్మ కోసం.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ముక్తేశ్వరం రేవుకు సినిమావాళ్లు వచ్చి రెండు రోజులున్నారు. ఊళ్లో ఆడవాళ్లను పిలిచి, బిందెలు నెత్తిన పెట్టుకుని వరసగా రేవు ఎక్కి రమ్మన్నారు. పదిమంది సరేనన్నారు. అమ్మ ఒప్పుకోలేదు.

“మేం బిందె చంకనే పెట్టుకుంటామండీ. నెత్తిన పెట్టుకుని ఈ ఊళ్లో ఎవరూ నడవరు,” అంది.

“అయితే అందరికంటే చివర రామ్మా,” అన్నాడు దర్శకుడు విసుగ్గా. నేను పక్కనే ఉన్నాను. ఆ సినిమా పేరు మాకెవరూ చెప్పలేదు, మా వైపు అది రానూ లేదు. ఆ తర్వాతి వానాకాలంలో జ్వరమొచ్చి అమ్మ పోయింది. అమ్మకు ఒక్క ఫొటో కూడా లేదు. నాకు అమ్మ మొహం గుర్తుంది. చెల్లెలికి లేదు. అప్పటికి దానికి ఏడాదిన్నర. డెబ్బై దాటిన ఈ వయసులో అది నన్ను అడిగింది ఒక్కటే, అమ్మ ఎలా ఉండేదో ఒక్కసారి చూడాలని.

అందుకే కొత్తది దొరికిన రోజల్లా రెండు గంటలకు వీధి చివరనుంచి చెల్లెలు వచ్చేది. కోడలు సినిమా పెట్టేది. మేమిద్దరం రేవు కోసం చూసేవాళ్లం. చెల్లెలు రేవు సంగతి మరిచిపోయి కథలో పడేది.

“పాపం అక్కయ్యా, ఆ పిల్ల ఎంత ఏడుస్తోందో చూడు!”

“పన్నెండు నిమిషాలైంది. గొంతు ఆరిపోదూ దానికి?”

“నీకు గుండె లేదే.”

“నీకు గడియారం లేదు.”

ముప్పై ఒకటో సినిమాలో ఇరవయ్యో నిమిషానికి కథానాయిక కొత్త పెళ్లికూతురుగా పడవ దిగింది. నది మధ్యలో లంక, అవతల కోటిపల్లి గట్టు. మా రేవే. ఆడవాళ్లు బిందెలతో ఎదురుగా ఎక్కి వస్తున్నారు. లెక్కపెట్టాను. పది బిందెలు నెత్తిన, చివరిది చంకన. కోడలు టక్కున ఆపింది.

తెరకు కుడివైపు అంచున మెడ వరకు అమ్మే. మెడ పైన పసుపురంగులో గుండ్రటి ముద్ర. సినిమాను ఇంటర్నెట్‌లో పెట్టినవాడు సొంత ఆస్తిలాగా ఆ మూలంతా తన గుర్తు అచ్చేశాడు.

“మొహమేదే?” అంది చెల్లెలు.

“అది తియ్యడానికి అవదండీ అత్తయ్యగారూ. వీడియోలోనే కలిపేసేరు,” అంది కోడలు.

ఎవడో తీసిన సినిమా మీద, మా అమ్మ మొహం మీద, వీడి ముద్ర! చెల్లెలు చెప్పులు వెతుక్కోబోయింది. కూర్చోమన్నాను. ముగిసిన వేళ రాయకుండా ఏ పేజీనీ వదల్లేదు, దీన్నీ వదలనన్నాను.

ఇంకో గంట భరించాం. ఏడుపు పద్నాలుగు నిమిషాలు, చెంపదెబ్బలు మూడు. ఆఖరికి అత్తగారు గెంటేస్తే కథానాయిక మళ్లీ రేవుకు వచ్చింది. మళ్లీ అవే బిందెలు, అదే నడక. మళ్లీ తీసే ఓపిక లేక చూపించిన ముక్కనే చూపించారు. పైగా ఎవరూ కనిపెట్టకుండా ఫిల్ము తిరగేశారు. పదకొండు మందికీ పైట కుడి భుజం మీదుంది!

“ఛీ, సిగ్గులేని మనుషులు! కుడిని ఎడమ చేసేస్తే తెలియదనుకున్నారా?” అన్నాను. అంటూనే కలం ఆగిపోయింది. కుడి ఎడమైతే, కుడి అంచున ఉన్న మనిషి ఎడమ అంచున ఉండాలి. ముద్ర మాత్రం కుడిమూలనే ఉంది.

“ఆపు, ఆపు!” అని కోడలి మీద అరిచాను.

“ఆయ్, ఆపేనండి.”

ఎడమ అంచున అమ్మ. మొహం మీద ఏమీ లేదు.

చెల్లెలు లేవబోయింది. నేను దాని కళ్లకు చెయ్యి అడ్డం పెట్టాను.

“ఆగవే. అమ్మ తిరగబడి ఉంది. పైట అటు కాదు, బిందె అటు కాదు, మొహమూ అటు కాదు. మొదటిసారి చూస్తున్నావు, తప్పుగా చూడకు.”

బీరువాలోంచి చేతి అద్దం తెచ్చాను. చెల్లెల్ని టీవీకి వీపు పెట్టి కూర్చోబెట్టి, అద్దం దాని చేతికిచ్చి, తెర అందులో పడేదాకా సర్దాను. అద్దంలో పైట ఎడమ భుజం మీదకు వచ్చింది. బిందె ఎడమ చంకకు వచ్చింది.

చెల్లెలు అద్దాన్ని రెండు చేతులా పట్టుకుని చూసింది. తర్వాత ఏడుస్తుందనుకుంటే నవ్వింది.

“అక్కయ్యా, ముందు నడిచేవాళ్ల బిందెలు చూసి అమ్మ మూతి ఎలా తిప్పుకుందో చూడు! అచ్చం నీ మూతే!”

దాని భుజం మీదుగా వంగి చూశాను. నిజమే. నెత్తిన ఉన్న ఆ పది బిందెలను అమ్మ ఎంత రోతగా చూస్తోందో!

ఆ పేజీలో ముగిసిన వేళ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. చెల్లెలు సినిమాను అక్కణ్నుంచి ముందుకు పోనివ్వలేదు.