వంటింటి బండిలో సూర్యలంకకు

మే నెలలో సరూర్‌నగర్‌లో మా డాబా గోడ మీద సాయంత్రం కూడా చెయ్యి పెట్టలేం. దానికి తోడు కరెంటు కోతలు. మా మరిది యాదగిరి తన పాత టెంపోలో రెండు బెర్తులు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము బిగించి దానికి క్యారవాన్ అని గొప్ప పేరు పెట్టుకున్నాడు. మేము మాత్రం వంటింటి బండి అంటాం. "సముద్రానికి పోదాం పా వదినె" అనగానే పక్కింటి కుమారిని కూడా బయల్దేరదీశాను. నిజం చెప్పాలంటే ఎండ సగమే కారణం. కుమారిది బాపట్ల. పద్దెనిమిదేళ్లుగా మా గోడ పక్కనే ఉంటోంది. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక వాళ్లాయన ఇల్లు అమ్మి గుంటూరు వెళ్లిపోదామని పట్టుబట్టాడు. ఆమె వెళ్లిపోతే నాకు కాళ్లు చేతులు ఆడవు. మూడు రోజులు పక్కన కూర్చోబెట్టుకుంటే మనసు మార్చేస్తానని నా ధీమా.

మా ఆయనకు, వాళ్లాయనకు సెలవు దొరకలేదు. మేమిద్దరం, పిల్లలు, యాదగిరి ఉదయం ఆరింటికి బయల్దేరాం. పది నిమిషాల్లో ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగిపోయాం. రోడ్డు మీద వంటావార్పు! రాష్ట్రం కోసం నడిరోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని నిరసన తెలపడం ఆ రోజుల్లో మాకు అలవాటే. నేనూ రెండుసార్లు అలా గరిటె తిప్పినదాన్నే. ఆ రోజు వాళ్ల కట్టెల పొయ్యి ఎంతకీ అంటుకోలేదు. ఒకావిడ మా బండిలోకి తొంగి చూసి, "అక్కా, మీకు గ్యాస్ ఉన్నది గదా, జర ఉప్మా చేసిస్తరా?" అంది. నేను కుమారి చెవిలో, "నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంట" అన్నాను.

కుమారి నోరు మెదపకుండా నలభై మందికి ఉప్మా వండింది. అల్లం, జీడిపప్పు, కరివేపాకు, ఏదీ తగ్గించలేదు. తిన్నవాళ్లంతా వేళ్లు నాకారు. ఆ ఆవిడే కుమారి చెయ్యి పట్టుకుని, "గింత మంచిగ చేసినవు, ఏ ఊరు చెల్లె నీది?" అని అడిగింది. కుమారి నోరు తెరిచేలోపే నేను, "మాది నల్లగొండ. మా చెల్లెనే" అన్నాను. వాళ్లు జై తెలంగాణ అంటూ దారిచ్చారు. ఎంత తెలివిగా గట్టెక్కించానో అని మురిసిపోయాను.

అప్పటికి ఎనిమిదిన్నర. సూర్యాపేట, కోదాడ, విజయవాడ, గుంటూరు, పొన్నూరు మీదుగా బాపట్ల దాటి సూర్యలంక చేరేసరికి సాయంత్రం ఆరు. డీజిల్‌కు రానూపోనూ మూడు వేల చిల్లర అయింది. దారి పొడుగునా నేనే మాట్లాడాను, కుమారి ఊఁ కొట్టింది. ఎండకు డస్సిపోయిందనుకున్నాను.

పిల్లలు అలల్లోకి ఉరికారు. యాదగిరి చేపల కోసం వెళ్లాడు. కుమారి మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, నా వైపు చూడకుండానే అంది.

"ఆయన ఇల్లు అమ్ముదామంటే ఇన్నాళ్లూ నేనే వద్దన్నానక్కా. పొద్దున నువ్వు నల్లగొండ అన్నాక ఆయన చెప్పిందే నిజమేమో అనిపించింది."

"నీకేమన్న అయితదేమోనని భయపడ్డ కుమారీ."

"వాళ్లు నా చేతి వంట తిన్నారు, చెయ్యి పట్టుకుని ఊరడిగారు. బాపట్ల అంటే ఏం చేసేవాళ్లో మనకి తెలీదు. నువ్వు తెలుసుకోనియ్యలేదు. భయమేస్తే నా పక్కన నిలబడు. అంతేగాని నా ఊరు మార్చెయ్యకు."

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి సిగ్గుతో తల దించుకున్నాను. "తప్పయింది" అన్నాను. ఆ రెండు రోజులూ ఆమె నన్ను వంట దగ్గరికి రానివ్వకుండా చేపల పులుసు తనే పెట్టింది. చల్లటి గాలికి పిల్లలు హాయిగా నిద్రపోయారు. నాకే సరిగా నిద్ర పట్టలేదు.

ఇలాంటి బండిలో వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: ఎంత ముచ్చటేసినా బండిని ఇసుకలోకి దింపకండి, తారు రోడ్డు మీదే ఆపండి. మా చక్రాలు కూరుకుపోతే ఆరుగురు జాలర్లు నెట్టాల్సి వచ్చింది. ఇక మనుషుల సంగతి. నేను కుమారిని కాపాడాననుకున్నాను, నిజానికి ఆమెను దాచిపెట్టాను. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు సముద్రం దాకా వెళ్లాల్సి వచ్చింది. తిరుగు దారిలో నకిరేకల్ దగ్గర చాయ్‌కి ఆగితే కొట్టతను, "ఏడికెళ్లి ఒస్తున్రు? ఏ ఊరు మీది?" అని అడిగాడు. ఈసారి నేను నోరు మూసుకుని కుమారి పక్కన నిలబడ్డాను. ఆమె చాయ్ ఒక గుక్క తాగి, తన యాసలోనే తాపీగా చెప్పింది. "నేను పుట్టింది బాపట్లండీ. మా ఇల్లు సరూర్‌నగర్."