డెల్మర్ ప్రూయిట్ ఆకులు అడుక్కున్న చలికాలం

డెల్మర్ ప్రూయిట్ ఊరందరి గడ్డికోత మిషన్లూ బాగుచేసేవాడు. వృత్తిధర్మం ఎంతగా ఒంటబట్టిందంటే, తన వాకిట్లో ఒక్క ఎండుటాకు రాలినా దాన్ని సొంత అవమానంగా తీసుకునేవాడు. అమెరికాలోని ఓజార్క్ కొండల్లో, ఓక్ చెట్ల నడుమ ఇల్లు కట్టుకున్న మనిషికి ఇది సుఖపెట్టే స్వభావం కాదు. అక్టోబరు రాగానే ఆకులు ఊదే యంత్రం భుజాన వేసుకుని, దండయాత్రకు బయలుదేరే సేనాపతిలా గుమ్మం దిగేవాడు. భార్య పోయి చాలా ఏళ్లయింది. వాకిలి మాత్రం అద్దంలా ఉండేది.

అటువంటివాడు పక్కింటి వెల్డాను పెళ్లాడాలనుకోవడం విచిత్రమే. ఆవిడా ఒంటరిదే. ఆవిడ పెరడు అడవికి చెల్లెలు. అక్కడి కుళ్లిన ఆకుల్లో ఆవిడ పెంచుకునే పెట్టెతాబేళ్లు కాపురముండేవి. తల లోపలికి లాక్కుని, పొట్టకింది డిప్పను తలుపులా బిగించుకునే జాతి అవి. గుడ్లు పెట్టడం, పొదగడానికి మట్టికి ఒప్పజెప్పడం, తిరిగి చూడకుండా వెళ్లిపోవడం వాటి పద్ధతి.

వెల్డా తుంటి ఆపరేషన్‌కని పట్నంలోని అక్కగారింటికి ప్రయాణం కడుతుండగా డెల్మర్ ధైర్యం కూడగట్టుకుని అడిగేశాడు. ఆవిడ లోపలికి వెళ్లి, అరచేతిలో రెండు తాబేలు పిల్లలు పెట్టుకొచ్చింది. ఒక్కొక్కటి అక్రోటుకాయంత.

"పెద్దవి మట్టిలో దూరి చలికాలమంతా నిద్రపోతాయి, వాటి సంగతి అవి చూసుకుంటాయి. వీటిని మాత్రం ఇంట్లో వెచ్చగా ఉంచి తిండి పెట్టాలి. వసంతానికి నేనొస్తాను. రెండూ బతికుంటే మీ ప్రశ్న మళ్లీ అడగండి."

"అంటే ఇది పరీక్షా?"

"గడ్డి కోసే చేతికి ప్రాణం పెంచడం వచ్చో రాదో తేల్చుకోవద్దూ?"

ఎలా పెంచాలో చెప్పబోయింది గాని, "ఇంజిన్లు విప్పిన చెయ్యి ఇదండీ" అని డెల్మర్ అడ్డుపడ్డాడు.

ఇంజిన్లు విప్పిన చెయ్యి మర్నాడే పనిలో దిగింది. పెద్ద తొట్టి, అందులో మూడుసార్లు కడిగిన గులకరాళ్లు, పైన ఎండలా వేడినిచ్చే దీపం, ఓ మూల బొమ్మ పశువులకొట్టం, సన్నగా తరిగిన లెట్యూస్ ఆకు. స్నేహితుడు లాయిడ్ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఒరేయ్, ఇది తాబేళ్ల ఇల్లా, బ్యాంకు మేనేజరు గదా?"

"శుభ్రత అంటారు దీన్ని. మీ ఇంట్లో ఆ మాట వినుండవు."

పిల్లలు శుభ్రతను మెచ్చలేదు. లెట్యూస్ వైపు చూడలేదు. ఓ మూల ఒరుసుకుని కూర్చుని, కొన్నాళ్లకు కళ్లు ఉబ్బి, రెప్పలు అంటుకుపోయాయి. డెల్మర్‌కు తన పెళ్లి కళ్లముందే మూతపడుతున్నట్టయింది. పరువు కాసేపు పెనుగులాడి ఓడిపోయింది. ఫోను చేశాడు.

"నేల మీద ఏం పరిచారు?" అంది వెల్డా.

"కడిగిన గులకరాళ్లు."

"తేమ?"

"చుక్క లేకుండా చూసుకున్నానండీ."

"మహానుభావా, వాటికి మీరు డ్రాయింగ్ రూము కట్టారు. అవి తడి ఆకుల కింద బతికే జీవాలు. తడిమట్టి వేసి, పైన కుళ్లిన ఆకులు కప్పండి. మూతలాంటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, గడ్డం మునగకుండా రోజూ కాసేపు కూర్చోబెట్టండి. లెట్యూస్ మీరు తినండి, వాటికి వానపాములు పెట్టండి. రెండు రోజుల్లో కళ్లు విప్పకపోతే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఆకులు తవ్వి తవ్వి చూడకండి, బెదిరి తిండి మానేస్తాయి."

ఓజార్క్ కొండల్లో కుళ్లిన ఆకు లేని వాకిలి ఒక్కటే ఉంది, అది డెల్మర్‌ది. వెల్డా పెరట్లో తవ్వితే నిద్రలో ఉన్న పెద్ద తాబేళ్లకు తగులుతుందని, సంచీ పట్టుకుని లాయిడ్ ఇంటి గుమ్మం ఎక్కాడు.

"మొన్నటిదాకా మా వాకిలి ఊరికి మచ్చ అన్నావు," అన్నాడు లాయిడ్.

"అన్నాను."

"ఇప్పుడు ఎంత కావాలి మచ్చ?"

"బస్తాడు."

మర్నాటి సాయంత్రానికి ఒకదాని కన్ను తెరుచుకుంది, ఆ తర్వాత రెండోదానిదీ. మెరుస్తున్న నల్లటి చుక్క, ఆవగింజంత. అది తననే చూస్తోందని డెల్మర్‌కు అనిపించి టోపీ తీశాడు. వానపాము ముక్క కదిలింది. పిల్ల మెడ చాచి, తల ఓ పక్కకు వంచి, చాలాసేపు ఆలోచించి, చటుక్కున కరిచింది. నేర్పే తల్లి లేదు, చూపించే తోడు లేదు. ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో డెల్మర్‌కు అంతుపట్టలేదు.

ఒకరోజు భూతద్దం పెట్టి, పిల్ల పొట్టకింది డిప్ప తలుపుకు కీలు ఎక్కడుందా అని వెతికాడు. కీలు లేదు. పొట్ట మీద అడ్డంగా సన్నటి గీత మాత్రం ఉంది. తాకితే పిల్ల తల లాక్కుని కళ్లు మూసుకుంది, అంతే. మూయడానికి తలుపింకా తయారుకాలేదు. నాలుగైదేళ్లకు ఆ ఎముక తనంతట తాను విడివడి కీలవుతుందని వెల్డా ఫోనులో చెప్పింది. జీవితమంతా తుప్పుపట్టిన కీళ్లకు నూనె పోసిన మనిషి, మొలవబోయే కీలును భూతద్దంలో చూస్తూ కూర్చున్నాడు. ఇవి దక్కితే తనకన్నా ఎక్కువకాలం బతుకుతాయి. ముందుముందు వీటికి వానపాములు వేయబోయే మనిషి ఇంకా పుట్టనైనా పుట్టలేదు.

కాని చలికాలం చివర రెండోది కనిపించడం మానేసింది. ఆకుల కింద పెట్టిన వానపాములు మాయమవుతున్నాయి, ఏది తింటోందో తెలియదు. ఎన్నోసార్లు చెయ్యి తొట్టి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

వెల్డా చేతికర్రతో వచ్చేనాటికి పైన ఒక్క పిల్లే ఉంది. డెల్మర్ ముఖం చూసి ఆవిడ చేతికర్ర గోడకు ఆనించింది. నీళ్లడబ్బా తీసి ఆకుల మీద సన్నగా చిలకరించింది. "వాన వస్తే లేవనివి ఉండవు, బతికుంటే," అంది.

తడిసిన ఆకుల వాసన గదంతా పట్టింది. ఒక ఆకు కదిలింది. దాని కిందనుంచి మట్టి తలపాగాతో రెండోది పైకి వచ్చింది. మునుపటికన్నా పెద్దదైంది. వచ్చీరాగానే ఎదురుగా ఉన్న వానపామును పట్టింది. డెల్మర్ తొట్టి మీదికి వంగి అంచు పట్టుకున్నాడు.

"ఏమండీ, మీరు నన్నేదో అడగాలి కదూ?" అంది వెల్డా.

"ఉండండి. ఇంకా తోక మిగిలింది."

వెల్డా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. తోక లోపలికి పోయేదాకా తనూ చూసింది. తర్వాత, అతను అడగకుండానే, సరేనంది. డెల్మర్ తలెత్తలేదు. ఆ మాట ఆవిడ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.