గేటు ఎరగని వేళ్లు

హైదరాబాద్‌లో నేను పనిచేసే కంపెనీ హెడ్డాఫీసుకు ముప్పై రెండు అంతస్తులు. కింది నుంచి పైదాకా అద్దాలే. మా ఊరు లింగంపేట నుంచి ఎవరైనా వస్తే మెడ పట్టేసేదాకా తలెత్తి చూసి, "దీంట్ల నువ్వు ఎన్నో మంజిల్‌ల ఉంటవ్?" అని అడిగేవారు. పదకొండో అంతస్తు అని చెప్పేవాణ్ణి, బిల్డింగంతా నేనే కట్టించినంత దర్జాగా. నిజానికి నా పని గేట్లు, లిఫ్టులు, మరుగుదొడ్లు, వాటిని కడిగేవాళ్ల హాజరు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

నన్ను చదివించింది అక్క. బాపు పోయినప్పుడు నేను ఐదో తరగతి, అక్క ఎనిమిది. ఆమె బడి మానేసి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అదే. సరదాకు నేను కత్తెర పట్టుకుంటే లాక్కునేది.

"నువ్వు ముట్టకు తమ్మి. నీ ఏళ్లు రాసుకునేటియి," అనేది.

ఎల్లారెడ్డిలో ఇంటరు, కామారెడ్డిలో డిగ్రీ చదివాను. నా చేతికి ఏనాడూ తంబాకు వాసన అంటలేదు.

బావ చనిపోయాక, బీడీ పని వారానికి మూడు రోజులకు పడిపోయాక, అక్క హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. మా ఆఫీసు ఊడ్చే పని తీసుకున్న కాంట్రాక్టరుకు చెప్పి ఆమెను పనిలో పెట్టించాను. అక్కడితో ఆగితే మనిషిననిపించుకునేవాణ్ణి. మొదటి రోజు బస్టాపులోనే, "ఆఫీసుల నన్ను తమ్మి అనకక్కా. సారు అను. నలుగురు ఉంటరు," అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. "అట్లనే తియ్," అని వెనక గేటు వైపు నడిచింది. నేను ముందు గేటు నుంచి వెళ్లాను.

ఏడాదిన్నర పాటు ఆమె నా బల్ల కింది చెత్తబుట్ట ఖాళీ చేసింది. "కాళ్లు జర జరుపుండ్రి సారు," అనేది. ఒక్కసారి కూడా నోరు జారలేదు. అప్పట్లో అది అక్క తెలివి అనుకుని మురిసిపోయాను.

ఇంతలో ఒకరి హాజరు కార్డు ఇంకొకరు గీస్తున్నారని పైవాళ్లకు అనుమానం వచ్చింది. కార్డులు తీసేసి వేలిముద్ర గేట్లు పెట్టించారు. సర్క్యులర్ రాసింది నేనే. వేలు పడకపోతే ప్రవేశం లేదు. వరసగా మూడు రోజులు పడకపోతే ఆ మనిషి స్థానంలో ఇంకొకరు. భాష చాలా స్పష్టంగా ఉందని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.

అక్క పది వేళ్లూ మార్చి మార్చి పెట్టిస్తే ఒక్క చిటికెన వేలు అతికష్టం మీద నమోదైంది. మర్నాడు గేటు దాన్నీ ఎరగనంది. ముప్పై ఏళ్లు ఆకు మీద రాసుకుని రాసుకుని ఆమె వేళ్ల కొసలు వాడేసిన సబ్బు బిళ్లలా నున్నబడ్డాయి. వాటి మీద గీతలే లేవు. అక్క మాత్రం అది తంబాకు జిడ్డు అనుకుంది. నిమ్మచెక్కతో ఎర్రబడేదాకా తోముకుంది. రెండో రోజూ ఎర్రలైటే వెలిగింది.

ఆ రోజు పడుకునే ముందు చూద్దును కదా, తడిగుడ్డ ముక్కలు వేళ్లకు చుట్టుకుంటోంది. తునికాకు బిరుసుగా ఉంటే నీళ్లు చల్లి గోనెపట్టాలో చుట్టిపెడతారు, తెల్లారేసరికి మెత్తబడుతుంది. వేళ్లకూ అదే వైద్యం.

"మెత్తవడితే గీతలు పైకి తేల్తయేమో తమ్మి," అంది. ఇంట్లో నేను ఇంకా తమ్మినే.

తేలవని నాకు తెలుసు. చెబితే, మరి నువ్వేం చేస్తావని అడుగుతుందేమోనని భయపడి ఊరుకున్నాను. మూడో రోజు నానిపోయి ముడతలు పడ్డ వేళ్లతో గేటు ముందు నిలబడింది. పెట్టిన వేలు మళ్లీ పెట్టింది. వెనక వరస ఆగిపోయింది. కాపలావాడు పిలిస్తే నేనూ మేనేజరూ దిగి వచ్చాం.

ఇలాంటివాళ్ల కోసం ఒక కాగితం ఉంది. ఈ మనిషికి నాది పూచీ అని ఒక ఆఫీసరు సంతకం పెడితే, కాపలావాడు చేత్తో గేటు తీస్తాడు. ఆ కాగితం తయారు చేసిందీ నేనే.

"ఎవరామె? మీకు తెలుసా?" అన్నాడు మేనేజరు.

అక్క గేటుకు అవతల, మేం ఇవతల. మధ్యలో రెండు మూరల దూరం కూడా లేదు.

"మా వైపు మనిషి సార్," అన్నాను.

"ఊరివాళ్లని ఇలా లోపలికి తెచ్చుకుంటూ పోతే ఇక రూల్ ఎందుకండీ?" అన్నాడాయన.

పెన్ను నా జేబులోనే ఉంది. మా అక్క అని ఒక్క మాట అంటే ఆయన ఏమీ అనేవాడు కాదు. మహా అయితే నవ్వేవాడు. ఆ నవ్వుకు భయపడి నేను పెన్ను తీయలేదు. ఇంతకంటే పెద్ద కారణమేదైనా ఉందేమోనని చాలా వెతుక్కున్నాను. లేదు.

అక్క వేళ్లు కొంగుకు తుడుచుకుంది. "నేను పోతున్న సారు," అంది. ఆ వారంలోనే లింగంపేటకు వెళ్లిపోయింది.

నెల తర్వాత కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి లింగంపేటలో దిగాను. అక్క ఇంటి ముందు కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేచి, ఛాయ్ పెట్టి ఇచ్చింది. పిల్లలెట్లున్నరని అడిగింది. ఏం చేయాలో తోచక పక్కన కూర్చుని కత్తెర అందుకున్నాను.

అక్క మెల్లగా నా చేతిలోంచి తీసేసుకుంది.

"నువ్వు ముట్టకు సారు. నీ ఏళ్లు అరిగితే రేపు గేటు తెరుసుకోదు," అంది.

ఆ గొంతులో వెటకారం కోసం వెతికాను. ఉంటే బాగుండేది. చిన్నప్పుడు కత్తెర లాక్కున్న గొంతే అది, ఒక్క మాట తప్ప.