బిందెడు నీళ్లు తాగిన ట్యూనర్

మోటారు కాలిపోయిన రోజున నాయన దాన్ని కాలితో తన్నాడు. బొటనవేలి గోరు ఊడింది, మోటారుకేమీ కాలేదు. ఎనభైల్లో సంగతి. రాప్తాడు పక్కన మా చేలో బోరు వట్టి గాలి కక్కుతుంటే, ఆపమని నేను మొత్తుకున్నా వినకుండా తిప్పీ తిప్పీ కాల్చింది ఆయనే. కోపం మాత్రం నా మీద.

"వాన వస్తాదని నీ రేడియోలో చెప్పినారు గదరా!"

"అది చెప్పింది నేను కాదు నాయనా."

"యా రేడియో అయితే ఏమిలే. అన్నీ నీ నాలుక మాదిరే."

నా కోతలకు ఊళ్లో అంత పేరు. అందుకే నిజంగా పరీక్ష రాసి, సొంత రేడియో సెట్టులో దూరపు ఊళ్లవాళ్లతో మాట్లాడే హామ్ లైసెన్సు తెచ్చుకుంటే ఒక్కడూ నమ్మలేదు. కాగితం చూపిస్తే రేషన్ కార్డా అన్నారు. ఒళ్లు మండిపోయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అవతల నుంచి ఎవరైనా నాకు జవాబివ్వాలి. ఈ మొహాలన్నీ మాడిపోవాలి.

సెట్టు సిద్ధంగానే ఉంది. మిద్దె మీద నుంచి వేపచెట్టుకు కట్టిన ఏరియల్ తీగతో దానికి పొత్తు కుదరడం లేదు. ఆ పొత్తు కుదిర్చే పెట్టే ట్యూనర్. దాన్ని నేనే చేయడానికి దిగాను. కాలిన మోటారు నుంచి రాగి తీగ లాగాను. పైపూత మాడిపోయింది కాబట్టి చుట్టుకు చుట్టు తగలకూడదు. తీగతో పాటు దారం కలిపి పైపుకు చుట్టి, తర్వాత దారం ఊడదీశాను. పాత వాల్వు రేడియో లోంచి స్టేషన్లు మార్చే రేకుల గ్యాంగు పీకాను. దాన్ని తిప్పడానికి మా ఆవిడ పౌడరు డబ్బా మూత. దానికి పడిన తిట్లు వేరే లెక్క.

ఏరియల్ తీగలోకి కరెంటు పోతే వెలగాల్సిన టార్చి బల్బు వెలగలేదు. సెట్టుకు ఎర్త్ కోసం పాతిన కడ్డీ చుట్టూ నేల ఎండి రాయైపోయింది. ఆ కడ్డీని ఎంత లోతుకు దిగ్గొట్టానంటే, భూమికి అవతలి పక్క ఎవడో బూతులు తిట్టడం నా చెవులతో విన్నాను. అయినా లాభం లేదు. తడి కావాలి. ఇంట్లో ఉన్నది ఒకే బిందె. పొద్దుటి నుంచి లైన్లో నిలబడి, రోడ్డు పక్క బోరు నుంచి మా ఆవిడ మోసుకొచ్చినది.

ఉప్పు కలిపి మొత్తం పోసేశాను.

"తాగేకి లేక చస్తాంటే మన్నుకు తాపుతాండావా? ఏం మనిషివప్పా నువ్వు!"

బల్బు వెలిగింది. గొంతు పోయేదాకా పిలిచాను. చివరికి గరగరల మధ్య కోస్తా గొంతొకటి పలికింది.

"వినబడుతున్నారండీ, శుభ్రంగా వినబడుతున్నారు!"

పలకరింపులయ్యాక వాతావరణం అడగడం మా సెట్టు మనుషుల మర్యాద. ఆయనా అడిగాడు. "ఇక్కడ మూడు రోజులుగా ఒకటే వానండీ. బట్టలారక విసుగొచ్చేసిందనుకోండి. మీ వైపెలా ఉందండీ?"

బట్టలారక విసుగట! పళ్లు కొరుక్కున్నాను. అలాంటివాడి ముందు మా ఎండిన చేను విప్పి చూపాలా?

"మాకూ విడవకుండా కురుస్తాండాదన్నా! వంక పొంగి దావ తెగిపోయింది. ఇంట్లో బిందెలు తేల్తాండాయి!"

ఆయన అయ్యో అన్నాడు. జాగ్రత్తగా ఉండమన్నాడు. తల తిప్పితే గుమ్మంలో మా ఆవిడ. ఖాళీ బిందె తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"వంక పొంగుతాండాది గదా. పో, ముంచుకరా."

నాయన వేలికి గుడ్డ కట్టుకుంటూ కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు విన్నాక సెట్టు పగలగొట్టాలనిపించింది. బిందె భుజానికెత్తుకుని మండుటెండలో నడిచాను. బోరు దగ్గర నా ముందంతా ఆడవాళ్లే.

"ఏమన్నా, బిందె నువ్వు తెచ్చినావు? రేడియోలో ఎవరన్నా పలికినారా ఏమి?"

పలికారన్నాను. నవ్వారు.

ఒట్టేసి చెప్పాను. బిందెలు కింద పెట్టి మరీ నవ్వారు.