మగ్గం గుంత

నారాయణపేటలోని మా ఇంటిని ఆడపిల్లల హాస్టలుకు దానంగా రాసిచ్చాను. బతికినన్నాళ్లు అందులోనే ఉంటానని కాగితంలో పెట్టించుకున్నాను కూడా. అయినా ఏడాది తిరగకముందే హాస్టలు వార్డెనమ్మ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది. నన్ను అడగకుండానే అతను ముందర గదిలోని మగ్గం గుంత లోతు కొలిచాడు, పూడ్చడానికట. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని మా ఆయన నలభై ఏళ్లు చీరలు నేశాడు. ఆయన పోయాక మగ్గం అమ్మేశాను గానీ గుంత జోలికి పోలేదు.

"నేనింక బతికే ఉన్న," అన్నాను.

"గందుకే అవ్వా," అంది వార్డెనమ్మ. "నీకు కండ్లు సక్కగ కనవడయి. అండ్ల పడితే దవాఖానకు ఎత్తుకపోవాల్సింది నేనే."

ఆ మాట ఇప్పటికీ మరవలేదు. మేస్త్రీ వెళ్లేదాకా గుంత అంచున కూర్చుని కదల్లేదు.

నాలుగో రోజు ఆమె వడ్రంగితో చేయించిన చెక్కమూత తెచ్చి గుంత మీద అమర్చింది. ఎత్తడానికి వీలుగా రెండు పిడులు పెట్టించింది.

"కోపం తగ్గిందా అవ్వా?"

"తగ్గలే. కూసో, అన్నం తిను."

మూత పక్కకు జరిపించాను. ఇద్దరం గుంతలోకి కాళ్లు వేలాడేసుకుని తిన్నాం.